మెట్రో తెరిచేదాకా

మొన్న శనివారం రాత్రి క్లినిక్ మూసేముందు పళ్ళు తొలిచే హ్యాండ్‌పీస్‌లు తుడిచి, క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో పెడుతున్నాను. ఫోన్లో ఒకదాని తర్వాత ఒకటి పాటలు మారుతూ "ఘెట్టో క్రావిజ్" దగ్గరికి వచ్చాయి. నేల తుడుస్తున్న మా అసిస్టెంట్ చెయ్యాపి, "ఇదేం పాట మేడం, ఎవరో చెవి దగ్గర గుసగుసలాడుతున్నట్టుంది" అంది. పాడుతున్న నీనా క్రావిజ్ అనే రష్యా డీజే కూడా మనలాగే పళ్ళ డాక్టరే అన్నాను. నవ్వింది, నమ్మలేదు. ఇంకా చెబుదామనుకున్నాను గానీ ఆ అమ్మాయికి చివరి బస్సు టైమైపోతోంది. ఇంటికొచ్చినా మనసు అక్కడే తిరుగుతోంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

2004లో నేను తెనాలి నుంచి మాస్కో వెళ్ళాను. ప్యాట్రిస్ లుముంబా యూనివర్సిటీ అంటే మన పాతతరం వాళ్ళకి బాగా తెలుసు. 1960లో పెట్టిన ఆ యూనివర్సిటీలోనే మన వాళ్ళు ఎందరో చదువుకున్నారు. మొదటి ఏడాది అంతా రష్యన్ భాషే. ఆ ఏడాదిని అక్కడ "పద్‌ఫాక్" అంటారు. ఆ తర్వాత ఐదేళ్ళ డెంటల్ కోర్సు. నాన్న అరెకరం పొలం అమ్మి పంపించారు. ఎయిర్‌పోర్టులో అమ్మ ఒక్కటే మాట చెప్పింది, "చలికి చెవులు కప్పుకో తల్లీ" అని. నవంబరు వచ్చేసరికి ఆ మాట విలువ తెలిసింది. మైనస్ 20లో బస్టాపులో నిలబడితే కనురెప్పల మీద ఊపిరి గడ్డకట్టేది.

రెండో ఏడు హాస్టల్లో నాకు ఒక సైబీరియా అమ్మాయితో గది ఇచ్చారు. వాళ్ళది ఇర్కూత్‌స్క్ పక్కన అంగార్స్క్ అనే ఊరు. మా ఫ్యాకల్టీయే. మాస్కోకి, వాళ్ళ ఊరికి ఐదు గంటల తేడా. రైల్లో వస్తే మూడు రోజుల పైనే. సెలవులకి వెళ్ళొచ్చినప్పుడల్లా సంచీలోంచి న్యూస్‌పేపర్లో చుట్టిన చేపలు తీసేది. బైకాల్ సరస్సులో దొరికే ఓముల్ అనే చేప, పొగబెట్టి ఆరబెట్టింది. ఆ పొట్లం విప్పగానే గదంతా వాసన. అంతస్తులో ఉన్న మిగతా అమ్మాయిలు ముక్కు మూసుకునేవాళ్ళు. నాకు మాత్రం మా అమ్మమ్మ గారి వంటింట్లో ఎండుచేపల కుండ మూత తీసినట్టు అనిపించి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను అన్నం వండాను. తను వేలితో చేప చర్మం ఒలిచి, ముల్లు తీసి, నా కంచంలో పెట్టింది. మా స్నేహం అలా మొదలైంది.

గదిలో తన వైపు గోడంతా సీడీలే. బగ్రతియోనొవ్‌స్కయ మెట్రో దగ్గర గోర్బుష్కా అని పెద్ద బజారు ఉండేది, అక్కడ కొనుక్కొచ్చేది. ఒక్కో ఎంపీ3 సీడీలో ఒక గ్రూపు పాటలన్నీ ఎక్కించి అమ్మేవాళ్ళు. నాకేమో చిన్నప్పుడు ఎనిమిదేళ్ళు నేర్చుకున్న కర్ణాటక సంగీతం ఉంది. ఇంటర్‌లో చేరగానే "ఎంసెట్ అయ్యాక చూద్దాంలే" అని ఆపేశారు. ఆ తర్వాత ఎవరూ చూడలేదు. తను పెట్టే పాటల్లో రాగం లేదు, మాట లేదు, దడ్ దడ్ మని అదే దెబ్బ. మొదట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకోమని బతిమాలేదాన్ని.

ఒక ఆదివారం తను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. మాటలు వెతక్కు, దెబ్బ మీద దెబ్బ ఎలా మారుతోందో చూడు, పదహారు దెబ్బలకోసారి ఏదో ఒకటి వస్తుంది, ఏదో ఒకటి పోతుంది అని. అప్పుడు నాకు ఆవర్తనాలు, అంటే తాళం చుట్లు, వినపడ్డాయి. చెయ్యి దానంతటదే తొడ మీద తాళం వేసింది. తను చూసి ఎగిరి గంతేసింది.

ఈ ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతానికి రష్యాలో చిన్న చరిత్ర ఏం కాదు. చేత్తో తాకకుండా గాలిలో చేతులాడిస్తే పలికే థెరమిన్ వాయిద్యాన్ని కనిపెట్టిన లెవ్ థెరమిన్ రష్యా వాడే. సోవియట్ యూనియన్ కూలిపోతున్న రోజుల్లో, 1991 డిసెంబరులో, మాస్కో వేదెన్‌ఖా ఎగ్జిబిషన్లోని అంతరిక్ష పెవిలియన్‌లో "గగారిన్ పార్టీ" అని చేశారు. రాకెట్ల మధ్య కుర్రాళ్ళు తెల్లారేదాకా నాట్యం చేశారు. మా గదిలో అమ్మాయి ఆ రోజుల గురించి తను అక్కడే ఉన్నట్టు చెప్పేది. అప్పటికి తనకి ఆరేళ్ళు కూడా లేవు! పదేళ్ళ తర్వాత, 2001లో, రస్తోవ్ కుర్రాళ్ళు పీపీకే అనే పేరుతో ఒక పాత సోవియట్ సినిమా బాణీని తీసుకుని చేసిన ట్రాక్ ఇంగ్లండ్ చార్టుల్లో మూడో స్థానానికి వెళ్ళింది. మనవాళ్ళు ఒలింపిక్స్‌లో పతకం తెచ్చినట్టు చెప్పుకునేవాళ్ళు దాన్ని.

ఇప్పుడు నీనా దగ్గరికి వస్తాను.

మూడో ఏడులో మాకు పేషెంట్లని చూపించడం మొదలైంది. అంతకుముందు ప్లాస్టిక్ తలల మీదే ప్రాక్టీసు. డ్రిల్లింగ్ మిషన్‌ని రష్యన్‌లో "బోర్‌మషీన" అంటారు. టర్బైన్ హ్యాండ్‌పీస్ నిమిషానికి లక్షల చుట్లు తిరుగుతుంది. గాలిలో ఉన్నంతసేపూ సన్నగా ఈల వేస్తుంది. పంటిని తాకగానే ఆ శృతి ఒక్కసారిగా కిందికి జారుతుంది. చేయి తిరిగిన డాక్టరు కళ్ళు మూసుకుని కూడా ఆ శృతిని బట్టి ఎనామిల్ దాటిందో లేదో చెప్పగలదు. మా ప్రొఫెసరమ్మ అలా చెప్పేవారు. "వినండమ్మాయిలూ, వినండి" అనేవారు.

ఒకరోజు నాకు ఒక పెద్దాయన వచ్చారు. కోటు మీద పతకాల రిబ్బన్లు. నోట్లో దాదాపు అన్నీ స్టీలు తొడుగులే, పాతకాలం పనితనం. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఉన్నారు. యుద్ధం చూసిన మనిషి, నా మిషన్ చప్పుడికి వేళ్ళు తెల్లబడేలా బిగించి పట్టుకున్నారు. నాకు టెన్షన్‌తో చెయ్యి వణికింది. పక్క కుర్చీలో ఉన్న మా గదిలో అమ్మాయి అది చూసి వచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, "యిషో చుత్-చుత్" అంది. ఇంకొంచెం, ఇంకొంచెమే అని. "పతిర్పీతే" అంది. ఓర్చుకోండి అని. ఆ గొంతులో ఏముందో గానీ ఆయన వేళ్ళు వదులయ్యాయి. నా చెయ్యీ కుదుటపడింది.

ఆ సాయంత్రం కిచెన్‌లో బక్‌వీట్ ఉడుకుతుంటే తను అంది, "మా ఊరి వైపు అమ్మాయి ఒకావిడ ఉంది. ఇలాగే ముసలి సైనికులకి పళ్ళు చూసేది. ఇప్పుడు రికార్డులు వేస్తోంది" అని. నీనా క్రావిజ్ పేరు నేను వినడం అదే మొదటిసారి. రష్యన్‌లో "క్రావిత్స్" అంటారు. ఇర్కూత్‌స్క్‌లో పుట్టి, డెంటిస్ట్రీ చదవడానికి మాస్కో వచ్చి, డాక్టరుగా పనిచేస్తూనే పార్టీలు నడుపుతూ, రికార్డులు పోగేసుకుంటూ, సొంతంగా ట్రాక్స్ చేయడం మొదలుపెట్టిందట. ఆస్పత్రి వేళ్ళూ రికార్డు తిప్పే వేళ్ళూ ఒకటే. నాకు అది వినగానే ఒళ్ళు జలదరించింది. చదువు ఉన్నచోట పాట ఉండకూడదని మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. కానీ అలాగే జరిగింది.

ఇంకో విషయం చెబితే మన తెలుగువాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. రెడ్‌బుల్ మ్యూజిక్ అకాడమీ అని ప్రపంచం నలుమూలల నుంచీ కొత్త కళాకారుల్ని ఏరి, రెండు వారాలు ఒకచోట కూర్చోబెట్టి నేర్పించేవాళ్ళు. 2005లో అది అమెరికాలోని సియాటిల్‌లో జరిగింది. నీనాకి సీటు వచ్చింది. వీసా రాలేదు! ఇది విన్న రోజు నాకు మా బాబాయి కొడుకు గుర్తొచ్చాడు. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి వచ్చి కూడా కాన్సులేట్ మెట్ల మీద ఖాళీ చేతులతో నిలబడ్డాడు వాడు. వాడు ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. నీనా మరుసటి ఏడాది మళ్ళీ వెళ్ళింది. 2006లో అకాడమీ మెల్‌బోర్న్‌లో పెట్టారు, అక్కడికి చేరింది. ఆ మధ్య ఏడాది ఆమె ఎలా గడిపిందా అని ఇప్పటికీ ఆలోచిస్తాను. చేతికొచ్చిన సీటు పోయాక మళ్ళీ పొద్దున్నే లేచి, తెల్లకోటు వేసుకుని, ఎవరి నోరో తెరిపించి చూడటం ఎంత కష్టమో ఆ పని చేసేవాళ్ళకి తెలుస్తుంది.

2008లో ఆమె ప్రొపగాండా క్లబ్బులో శుక్రవారం రాత్రులు నడిపేది. కితాయ్-గోరద్ మెట్రో దగ్గర సందులో ఉండేది ఆ క్లబ్బు, 1997లో మొదలైంది. పగలు మామూలు కెఫే. సూపు, కట్‌లెట్ తినడానికి స్టూడెంట్లు కూడా వచ్చేవాళ్ళు. రాత్రి అయ్యాక బల్లలు తీసేసి మధ్యలో ఖాళీ చేస్తే అదే డాన్స్ ఫ్లోర్. పెద్ద హంగులేవీ లేవు.

మాస్కోలో క్లబ్బంటే ముందు ఫేస్ కంట్రోల్. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి పైనుంచి కిందికి చూసి లోపలికి పంపాలా వద్దా అని తేలుస్తాడు. అంతకుముందు ఒకసారి వేరే క్లబ్బు దగ్గర మమ్మల్ని ఆపేశారు. నా రంగు చూసి ఆపారని మా గదిలో అమ్మాయికి అర్థమైంది. ఆ చలిలో వాడితో పది నిమిషాలు పోట్లాడింది. నేను తన చెయ్యి పట్టి లాక్కొచ్చాను. దారంతా తను ఏడ్చింది, నేను ఏడవలేదు. అందుకే ప్రొపగాండాకి రమ్మంటే నెల రోజులు వాయిదా వేశాను. చివరికి డిసెంబరులో, అనాటమీ పేపర్ల దుమ్ము కూడా దులపకుండా, మా అమ్మ అల్లిన స్వెట్టర్‌తోనే వెళ్ళాను. గుమ్మం దగ్గర అతను నన్ను చూసి తల ఊపాడు, అంతే. లోపలికి వెళ్ళిపోయాం.

లోపల వేడి. కళ్ళజోడు మీద ఆవిరి పట్టేసి కాసేపు ఏమీ కనపడలేదు. ముందు చెవులకే అందింది. కాళ్ళ కింద చెక్క కొట్టుకుంటోంది. అద్దాలు తుడుచుకుని చూస్తే, జనం తలల మీదుగా ఆ చివర ఒక అమ్మాయి తల వంచుకుని ఉంది. జుట్టు మొహం మీద పడుతోంది. ఒక చెవికి హెడ్‌ఫోన్, రెండో చెవి గదికి. ఒక రికార్డు నడుస్తుంటే రెండోదాన్ని చూపుడువేలి కొసతో అంచు మీద మెల్లగా తోస్తోంది, ఆపుతోంది, మళ్ళీ తోస్తోంది. నేను కళ్ళు తిప్పలేకపోయాను. ఆ వేలిని నేను ఎరుగుదును. పంటి గోడకి మ్యాట్రిక్స్ బ్యాండు అనే సన్నటి రేకు సరిచేసేటప్పుడు మా వేళ్ళు కదిలేది అలాగే, వెంట్రుకవాసి అటూ ఇటూ.

అక్కడ జరిగే పని ఏమిటో మన సంగీతం తెలిసినవాళ్ళకి తేలిగ్గా చెప్పొచ్చు. రెండు రికార్డుల కాలప్రమాణం వేరు వేరుగా ఉంటుంది. పక్కనున్న చిన్న మీటని జరిపి, వేలితో సర్ది, రెండింటినీ ఒకే నడకలోకి తేవాలి. అదంతా చెవిలో ఒక్కరే వింటూ చెయ్యాలి, బయట ఆడేవాళ్ళకి తెలియకూడదు. నడకలు కలిశాక ఒకదాన్ని పైకి తెచ్చి రెండోదాన్ని తగ్గించాలి. తప్పితే రెండు గుర్రాలు ఒకదాన్నొకటి తన్నుకున్నట్టు చప్పుడొస్తుంది. ఆ రాత్రి ఒకసారి అలా తప్పింది కూడా. ఆమె తొణకలేదు. నాలుగు దెబ్బల్లో సర్దుకుంది. నాకు ఆ రాత్రి అన్నిటికంటే గుర్తున్నది ఆ నాలుగు దెబ్బలే.

మాస్కోలో మెట్రో రాత్రి ఒంటిగంటకి మూసేస్తారు, పొద్దున ఐదున్నరకి తెరుస్తారు. టాక్సీకి డబ్బుల్లేని స్టూడెంట్లు ఒంటిగంటకి ముందే క్లబ్బుకి చేరాలి, ఐదున్నర దాకా ఉండాలి. నాలుగింటికి నా కాళ్ళు ఇక లేవలేదు. గోడకి ఆనుకుని కూర్చున్నాను. మా గదిలో అమ్మాయి వచ్చి పక్కన కూలబడి, చెమటతో తడిసిన నుదురు నా భుజానికి ఆనించి, "యిషో చుత్-చుత్" అంది. పెద్దాయనకి చెప్పిన మాట, అదే గొంతు. ఐదున్నరకి బయటికొస్తే మంచు పడుతోంది. మెట్రో తలుపు తెరిచిన ముసలావిడ మమ్మల్ని చూసి ఏదో గొణిగింది. రైల్లో యూగో-జాపద్నయ దాకా నిద్రపోయాం.

ఆ రాత్రి గురించి ఇంట్లో చెప్పలేదు. నాన్నకి ఇప్పటికీ తెలియదు. చెబితే ఏమీ అనరని ఇప్పుడనిపిస్తుంది.

2009లో రేకిడ్స్ అనే ఇంగ్లండ్ లేబుల్, అంటే రికార్డుల కంపెనీ, ఆమె రికార్డు వేసింది. అంతకుముందు మైస్పేస్‌రాకెట్ అనే చిన్న గ్రూపులో పాడింది కూడా. అప్పటికి మా వాళ్ళందరం ఫేస్‌బుక్ లాంటి రష్యన్ సైటు వికన్తాక్తెలో ఉన్నాం, ఎవరో ఒకరు పాటలు ఎక్కించేవాళ్ళు. 2010లో నేను డిగ్రీ తీసుకుని వచ్చేశాను. షెరెమెత్యెవొ ఎయిర్‌పోర్టులో మా గదిలో అమ్మాయి నా సూట్‌కేసులో ఓముల్ పొట్లం పెట్టింది. నేను తనకి నా స్వెట్టర్ ఇచ్చాను.

తిరిగొచ్చాక రెండేళ్ళు బాగా గడవలేదు. విదేశీ డిగ్రీ అంటే ఇక్కడ పరీక్షలు, రిజిస్ట్రేషన్, చూపులు, గుసగుసలు. "రష్యా డాక్టరా" అని ఆ "రష్యా" అన్న మాటని సాగదీసి అనేవాళ్ళు. ఒక పెద్ద క్లినిక్‌లో పని చేస్తే ఆరు నెలల జీతం ఎగ్గొట్టారు. 2012 ఫిబ్రవరిలో నీనా మొదటి ఆల్బమ్ వచ్చింది, తన పేరే పెట్టింది దానికి. మా గదిలో అమ్మాయి మెయిల్‌లో పంపింది. ఆ ఏడాది మన రాష్ట్రంలో కరెంటు కోతలు గుర్తున్నాయి కదా. రాత్రి పడుకునే వేళకి పోయేది. ఇన్వర్టర్ మీద ఒక్క ఫ్యాను, అమ్మ నిద్రలో విసనకర్ర ఊపుతూ ఉండేది. నేను డాబా మీద చాపేసుకుని చెవుల్లో ఆ ఆల్బమ్ పెట్టుకున్నాను.

ఆ ఆల్బమ్‌లో ఆర్భాటం లేదు. కిక్ డ్రమ్, కింద తిరిగే బేస్, వాటి పైన ఆమె గొంతు. అది పాట కాదు, మాట కాదు. పక్క మనిషి నిద్రలో ఏదో అంటుంటే వినిపించినట్టు ఉంటుంది. ఊపిరి తీసే చప్పుడు కూడా చెరపలేదు. నోటికి అంగుళం దూరంలో పనిచేసే మాలాంటివాళ్ళకి ఆ ఊపిరి బాగా తెలుసు. భయపడ్డ మనిషి ఊపిరి ఎలా ఉంటుంది, నొప్పి తగ్గాక ఎలా వదులుతారు, మాస్కు వెనక మన ఊపిరి మనకే ఎలా వినపడుతుంది... ఇవన్నీ ఆ పాటల్లో ఉన్నాయని నాకనిపిస్తుంది. ఆమె అలా అనుకుని చేసిందో లేదో తెలియదు గానీ, నేను వినేది మాత్రం ఇదే. అంతకుముందు ఏడాది, 2011లో వచ్చిన "ఘెట్టో క్రావిజ్"లో అయితే గొంతుని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఆ ముక్కల్నే తాళంగా వాడింది. నోటితోనే తాళం జతులు పలికే మన కొన్నక్కోల్ వాళ్ళు వింటే మెచ్చుకుంటారు. ఆ వేసవి అంతా నన్ను నిలబెట్టింది ఆ గొంతే.

2013లో ఒక వీడియో చుట్టూ పెద్ద గొడవ అయింది. టూర్లో ఉన్న డీజే జీవితం ఎలా ఉంటుందో చూపించే చిన్న డాక్యుమెంటరీ అది. అందులో ఆమె బాత్‌టబ్బులో నురగ మధ్య కూర్చుని మాట్లాడింది. అంతే, ఆడది కాబట్టి అందం అమ్ముకుంటోంది, పని రాదు అని ఎందరో ఎగబడ్డారు. తోటి కళాకారులు కూడా అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. చేతిలో పనితనం చూడకుండా మనిషిని చూసి తీర్పు చెప్పడం నేను కుర్చీ పక్కన నిలబడి రోజూ చూస్తున్నదే. "డాక్టరు గారు లేరామ్మా?" అని నన్నే అడిగిన పేషెంట్లు ఎందరో. ఆమె ఆ మాటలన్నిటికీ సూటిగా జవాబు రాసింది, మళ్ళీ పనిలో పడిపోయింది.

2014లో "ట్రిప్" అని సొంత లేబుల్ పెట్టింది. ఆ పేరుని రష్యన్ అక్షరాల్లోనే రాస్తుంది, అది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ లేబుల్ మీద ఐస్‌లాండ్ కుర్రాడు బ్యార్కీ ట్రాక్ 2015లో ప్రపంచమంతా మోగింది. రష్యాలోని తంబోవ్ అనే ఊరి నుంచి వ్లదీమిర్ దుబిష్కిన్ అనే కుర్రాణ్ణి పట్టుకొచ్చింది. మాస్కో దాకా కూడా రాని పేర్లని నేరుగా ప్రపంచానికి వినిపించింది. తర్వాత గెలాక్సీడ్ అని ఇంకో లేబుల్ పెట్టింది. ఆమె వేసే సంగీతం కూడా మారింది. నడక పెరిగింది, పాత యాసిడ్, తొంభైల నాటి ట్రాన్స్ అనే డాన్స్ బాణీలు కలిపేసేది. నిజం చెప్పాలంటే ఆ వేగంలో కొన్ని నాకు ఎక్కలేదు. నాకు ఆ నెమ్మది నీనాయే ఇష్టం.

2017కి మిక్స్‌మ్యాగ్ పత్రిక ఆమెను ఆ ఏడాది డీజేగా ఎంచింది. మరుసటి ఏడు ఈఫిల్ టవర్ మీద వాయించింది. ఆ వీడియోని నేను పిల్లకి అన్నం పెడుతూ ఫోన్లో చూశాను. వెనక పారిస్ అంతా కనిపిస్తోంది, ఆమె తల వంచుకునే ఉంది. అదే చూపుడువేలు.

2020 చివర్లో లాక్‌డౌన్ తర్వాత రోజులు. మా అక్క కొడుకు మా ఇంట్లోనే ఉండి కాలేజీ క్లాసులు వినేవాడు. మిగతా టైమంతా సైబర్‌పంక్ 2077 అని కొత్త గేమ్. ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో ఉంటే వాడి గదిలోంచి ఒక ఆడగొంతు వినపడింది. గరిటె వదిలేసి పరిగెత్తాను. "ఎవర్రా ఆవిడ?" అన్నాను. "ఏదో డాక్టర్ పిన్నీ, ఒంట్లో మిషన్లు బిగిస్తుంది" అన్నాడు. కింద పేరు చూస్తే నీనా క్రావిజ్. ఆటలో ఆమె పేరుతోనే, ఆమె గొంతుతోనే ఒక డాక్టర్ని పెట్టారు. ఆ గేమ్‌కి సంగీతం కూడా ఇచ్చింది. తెల్లకోటు వదిలేసి ఎన్నో ఏళ్ళయినా చివరికి మళ్ళీ డాక్టరే అయింది. మా వాడికి అంతా చెప్పాను. వాడు ఆట ఆపేసి విన్నాడు.

2022 ఫిబ్రవరి గురించి రాయకుండా ఉండలేను. మా పెదనాన్న గారి మనవరాలు అప్పుడు ఖార్కివ్‌లో మెడిసిన్ చదువుతోంది. బంకర్లోంచి ఫోన్ చేసేది. రైలెక్కి, బోర్డరు దాటి, ఆపరేషన్ గంగ విమానంలో వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. నాకు రెండు వైపులా మనుషులున్నారు. ఆ దేశం నాకు చదువు పెట్టింది, ఆ దేశం వేసే బాంబుల కింద మా పిల్ల ఉంది. ఆ నెలల్లోనే నీనా మీద విమర్శలు వచ్చాయి, యుద్ధం గురించి గట్టిగా మాట్లాడలేదని. "మిర్" అని, అంటే శాంతి అని, చేత్తో రాసి పెట్టింది. అది చాలదన్నారు. ట్రిప్ రికార్డులు పంపిణీ చేసే డచ్చి సంస్థ క్లోన్ తప్పుకుంది. తర్వాత ఆమె తాను అన్ని రకాల హింసకీ వ్యతిరేకినని, శాంతి కోసం ప్రార్థిస్తున్నానని రాసింది. ఆమె ఇంకా గట్టిగా మాట్లాడితే బాగుండేదని నాకూ అనిపించింది. బంకర్లో ఉన్న పిల్ల గొంతు విన్న దాన్ని, అలా అనిపించకుండా ఎలా ఉంటుంది? కొన్ని నెలలు ఆమె పాటలు పెట్టుకోలేకపోయాను.

మా గదిలో అమ్మాయి ఇప్పుడు ఇర్కూత్‌స్క్‌లో సొంత క్లినిక్ నడుపుతోంది. తనతోనూ కొన్నాళ్ళు మాటల్లేవు. తను ఏం రాయాలో తెలియక ఆగింది, నేను ఏం అడగాలో తెలియక ఆగాను. ఆ ఏడాది ఆగస్టులో ఒక రాత్రి వాయిస్ మెసేజ్ వచ్చింది. మాట లేదు. ఇరవై సెకన్లు కేవలం టర్బైన్ ఈల, పంటిని తాకగానే జారిన శృతి, ఆ వెనక రేడియోలో సన్నగా దడ్ దడ్. చివర్లో ఎవరికో చెబుతోంది, "యిషో చుత్-చుత్". ఎన్నిసార్లు విన్నానో. నేను కూడా మర్నాడు నా క్లినిక్‌లోంచి అలాగే రికార్డు చేసి పంపాను. ఇప్పటికీ నెలకొకటి అటూ ఇటూ పోతుంటాయి. మాటలు తక్కువ, చప్పుడే ఎక్కువ.

శనివారం ఆఖరి పేషెంటు చినరావూరు నుంచి వచ్చిన ఒక పెద్దామె. కింది దవడ పన్ను, లోతైన పిప్పి. మత్తు ఇచ్చినా భయంతో కొంగు నోట్లో కుక్కుకోబోయింది. కొంగు మెల్లగా తీసి ఆమె చేతిలోనే పెట్టాను. రెండో చేత్తో భుజం నిమిరాను. ఈల మొదలైంది, శృతి జారింది.

"ఇంకొంచెం పెద్దమ్మా, ఇంకొంచెమే" అన్నాను.

ఆమె కొంగు పట్టు వదిలింది.